పదమూడో రాయి

నా చిన్నప్పుడు అండమాన్‌లో మా ప్రోతరాపూర్ వాళ్లు విశాఖపట్నం వెళ్లాలంటే ముందు ఒక మంచి రాయి వెతుక్కునేవారు. నవ్వకండి. ఓడ నెలకోసారి వచ్చేది. పోర్ట్ బ్లెయిర్‌లో టికెట్ల కౌంటర్ పదింటికి తెరిస్తే, లైను తెల్లవారుతూనే మొదలయ్యేది. అంతసేపు ఎండలో ఎవరు నిలబడతారు? తలా ఒక రాయి పెట్టి నీడకు పోయి కూర్చునేవారు. రాయి ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టే. ఒకరి రాయిని మరొకరు ముట్టుకునేవారు కాదు. అంత పద్ధతైన లైనును చెడగొట్టిన ఘనత నాదే.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా నానమ్మకు చూపు మందగించి, కంచంలో అన్నం ఎటుందో తడుముకునే స్థితికి వచ్చింది. ఇంకా ఆలస్యమైతే చూపు దక్కదని, వెంటనే ఆపరేషన్‌కు తీసుకురమ్మని విశాఖ డాక్టరు ఉత్తరం రాశారు. నాన్న మా రాయి పెట్టి, దానికి నన్ను కాపలా ఉంచి, పదింటికి వస్తానని జెట్టీలో డ్యూటీకి వెళ్లారు. మాది పదమూడో రాయి.

ఐదో రాయి మా ఊరాయనదే. దేశం జెర్సీ వేసుకుని పరాయి దేశాల్లో ఫుట్‌బాల్ ఆడి వచ్చిన మనిషి. అందరికీ కప్తాన్ సాబ్. మా అమ్మ అన్నయ్యా అని పిలిచేది కాబట్టి నాకు మామయ్య. ఆట మానేసి ఊరికి తిరిగొచ్చి, పంచాయతీ ప్రధాన్ పదవికి పోటీ చేస్తున్నారు. ఎన్నికలకు రెండు నెలలుంది. ఈ ఓడకే వెళ్లి విశాఖలో మోకాలికి ఆపరేషన్ చేయించుకుంటే తప్ప ఆలోపు మా గుట్టలెక్కి ఇల్లిల్లూ తిరగలేరు. లైనులో ముందుకు రమ్మని జనం ఎంత బతిమాలినా ఆయన తన రాయిని కదపలేదు.

ఇంతలో గుమాస్తా బయటికొచ్చి, ఈ ఓడకు ముందున్న పన్నెండు మందికే టికెట్లని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. మాది పదమూడోది. పన్నెండో రాయి మాయాబందర్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడది. ఆవిడ నీళ్లు తాగడానికి వెళ్లింది. అటూ ఇటూ చూసి, మా రాయిని కాలితో మెల్లగా నెట్టుకుంటూ వెళ్లి ఆవిడ రాయికి ముందు పెట్టేశాను. తలెత్తేసరికి, గోడ మీద కాలు చాపుకుని కూర్చున్న మామయ్య నన్నే చూస్తున్నారు. తిట్టినా బాగుండేది.

పెద్దావిడ తిరిగొచ్చి లబోదిబోమంది. “నా రాయి ఈ పిల్ల రాయికి ముందల కదా ఉండాల! ఎవులు జరిపేసినారు భయ్యా? కూతురు కానుపుకెళ్లాల నేను!” లైనులో అందరూ ఆవిడ మీదికే లేచారు. నువ్వే సరిగ్గా పెట్టుకోలేదన్నారు. నేను మా రాయికి అడ్డంగా జరిగి నిలబడ్డాను.

మామయ్య కుంటుకుంటూ వచ్చారు. “మాఫ్ కరో అమ్మా. నడుస్తుంటే నా కాలే తగిలీసింది. చూసుకోలేదు. నా జాగా నువ్వు తీస్కో, వెనకాల నేనుంటాను.” అని తన రాయిని తీసుకొచ్చి మా రాయి వెనక పెట్టుకున్నారు.

నాన్న వచ్చి టికెట్లు తీసుకోగానే కిటికీ తలుపు మూసేశారు. అది మామయ్య ముఖం మీదే మూశారు. “అత్తని జాగర్తగా తీసుకెళ్లు బావా,” అని మాత్రం అన్నారు.

నాన్న, నానమ్మ ఓడెక్కారు. రాళ్ల కథ ఊరెక్కింది. అవతలి పక్షం వాళ్లకు అంతకంటే ఏం కావాలి? “కాలి కింద రాయే కనపడనోడికి ఊరేటి కనపడతాది?” అని ప్రతి మీటింగులో నవ్వించారు. మామయ్య ఆ వాచిన మోకాలితోనే ఇల్లిల్లూ తిరిగారు. మా వాకిట్లోకి వచ్చినప్పుడు నేను తలుపు వెనక దాక్కున్నాను. ఒక్క మాటతో నిజం బయటపెట్టగలిగి కూడా ఆయన పెట్టలేదు. నేనూ పెట్టలేదు. కొద్ది ఓట్లతో ఓడిపోయారు.

ఆ తర్వాత వారానికి నానమ్మ లావుపాటి కళ్లద్దాలతో తిరిగొచ్చింది. అరుగు మీద కూర్చుని కనిపించిన ప్రతిదాన్నీ ఇది ఫలానా కదూ అని అడుగుతూ మురిసిపోయింది. అలా చూస్తూ చూస్తూ, “ఆ కుంటుకుంటూ పోతన్నాయన ఎవులే?” అంది.

నాకు ఏడుపు ఆగలేదు. మొత్తం చెప్పేశాను. నానమ్మ నా చెయ్యి పట్టుకుని ఆయన ఇంటికి నడిచింది. “నా కళ్ల కోసం నీ కాలు పోగొట్టుకున్నావురా బాబూ,” అని కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. ఆయన నవ్వేశారు. “ఆట అయిపోయిన కాలే కదా అత్తా!” తర్వాత నా వైపు తిరిగి, “చెప్పీసినావు కదా పాపా, ఇక ఖతమ్. ఎవులికీ చెప్పకు,” అన్నారు.

ఆ ఒక్క మాటా నేను వినలేదు. మర్నాడే కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లందరికీ చెప్పాను. మా అమ్మ సిగ్గుతో తల వంచుకుంది కానీ నన్ను ఆపలేదు. తర్వాతి ఎన్నికల్లో ఆయన గెలిచారు. మోకాలు మాత్రం బాగుపడలేదు. అదను దాటిపోయిందన్నారు డాక్టర్లు. నానమ్మ బతికినన్నాళ్లూ ప్రతి ఉదయం ఆయన ఆ దారిన కుంటుతూ పంచాయతీకి వెళ్లడం తన కళ్లతో చూసింది.

ఇప్పుడు టికెట్లు కంప్యూటర్లో వస్తున్నాయి. రాళ్లతో పనిలేదు. నాకూ మోకాళ్ల నొప్పులొచ్చాయి. బ్యాంకులో, ఆసుపత్రిలో పిల్లలు లేచి “దీదీ, ఆగే ఆయియే” అంటూ నన్ను ముందుకు రమ్మంటారు. వాళ్లకో దండం పెట్టి, ఒకసారి వెనక్కి చూస్తాను. ఎవరైనా కుంటుతూ కనిపిస్తే వాళ్లను ముందుకు పంపించి, వెళ్లి చివర నిలబడతాను.