కోడలి ఆఫీసుకు కాపలా కాసిన మా మామ

నిన్న పొద్దున బెంగళూరు ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. మా ఆయన ఫోన్ చేస్తే కట్ చేశాను. వెంటనే మళ్లీ మోగింది.

బయటికొచ్చి ఎత్తాను.

"అనితా, నాయన పోయినాడు."

అంతే. బ్యాగ్ తీసుకుని బయటపడ్డాను.

టిఫిన్ తిని వరండాలో కూర్చున్నాడట. అత్త మంచినీళ్లు తెచ్చేలోపే తల వాలిపోయిందట. హార్ట్ ఎటాక్ అన్నారు.

క్యాబ్‌లో మైదుకూరు చేరేదాకా నేను నమ్మలేదు. ముఖం చూశాక నమ్మక తప్పలేదు.

ఈరోజు అంత్యక్రియలు అయిపోయాయి. ఇంటి నిండా చుట్టాలు. ఒక గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. మా మామ సుబ్బరాయుడు ఎలాంటి మనిషో నా ఫ్రెండ్స్ అందరికీ చెప్పాలని ఉంది.

మామ బస్సు డ్రైవరు. పిల్లలు లేవకముందే డ్యూటీకి వెళ్లి, వాళ్లు పడుకున్నాక వచ్చేవాడు. సర్వీసంతా అలాగే గడిచింది. ఆయన రిటైరయ్యాక నేను ఆ ఇంటి కోడలినయ్యాను.

మా ఆయనకు మైదుకూరులో మోటార్ పంపుల షాపు. నాది బెంగళూరు కంపెనీలో సాఫ్ట్‌వేర్ జాబ్. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉండబట్టే పెళ్లి తర్వాత కూడా ఆ జాబ్ నిలిచింది.

మొదట్లో స్వర్గంలా ఉండేది. ట్రాఫిక్ లేదు, హాస్టల్ తిండి లేదు. మధ్యాహ్నం అత్త చేసిన వేడి వేడి జొన్నరొట్టె.

తర్వాత తెలిసింది అసలు కష్టం. ఇంట్లో ఉన్నానంటే ఖాళీగా ఉన్నానని అందరి నమ్మకం. గ్యాస్ బండ వచ్చినా నేనే, చుట్టాలొచ్చినా నేనే. "కంప్యూటర్ ముందర కూచోనే కదా ఉండేది, ఇట్ల రామ్మా" అనేవాళ్లు.

ఒకరోజు క్లయింట్‌కి డెమో ఇస్తున్నాను. అత్త తరఫు బంధువు ఒకావిడ గృహప్రవేశానికి పిలవడానికి వచ్చింది. నేను గదిలోంచి రాలేదని ఆమెకు కోపం వచ్చింది.

"కోడలికి శానా పొగురుండాదే. బొట్టు పెట్టి పిలుస్తామంటే బయటికి కూడా రాదా?"

నాకు లోపలికి వినపడుతోంది. మాట తడబడింది. మ్యూట్ చేసి లేవబోయాను.

అప్పుడు మామ గొంతు.

"నేను బస్సు తోలేటప్పుడు నువ్వు అడ్డమొచ్చి బొట్టు పెడ్తావా మ్మా? మా కోడలు డ్యూటీలో ఉండాది. కాఫీ తాగు, కూచో. పని అయినాంక ఆయమ్మే వస్తాది."

డెమో పూర్తి చేసి వెళ్లేసరికి ఆమె నిజంగానే కూర్చుని ఉంది! బొట్టు పెట్టించుకుని, కాళ్లకు దండం పెట్టాను. నవ్వేసింది.

ఆ రోజు నుంచి నా గది ముందు కుర్చీ వేసుకుని పేపర్ చదవడం మామకు అలవాటైంది. ఎవరొచ్చినా ముందు ఆయన్ని దాటాలి. మా ఆయన్ని కూడా ఆపేవాడు.

రెండో కష్టం నేను తెచ్చుకున్నదే. పని పూర్తవడమనేదే లేదు. అన్నం తింటూ మెసేజ్‌లు, వంటగదిలో కాల్స్. ఎవరితోనైనా విసుక్కోవడమే. కొన్నాళ్లు గడప కూడా దాటలేదు.

ఒక సాయంత్రం మామ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఎంత దూరం పోయినా నేను సాయంత్రానికి బస్సు దిగేటోణ్ణి తల్లీ. నువ్వు దిగనే దిగవే. మూసెయ్ దాన్ని. పా, టీ తాగొద్దాం."

కర్నూలు రోడ్డు మీద టీ అంగడికి తీసుకెళ్లాడు. అత్తకు నచ్చలేదు.

"కోడల్ని రోడ్డు మింద నిలబెట్టి టీ తాపిస్తాండావా? చూసినోళ్లు ఏమనుకుంటారు?"

"నువ్వూ రా. అప్పుడేమీ అనుకోరు."

తర్వాతి వారం అత్త కూడా వచ్చింది. పెళ్లయ్యాక తామిద్దరూ కలిసి బయట టీ తాగడం అదే మొదటిసారని ఆమె చెప్పింది. మామ తల వంచుకుని నవ్వాడు. ఇక మా ముగ్గురికీ రోజూ అదే షికారు.

పోయిన ఏడాది కంపెనీ అందర్నీ ఆఫీసుకు రమ్మంది. మానేస్తే పోలా అన్నాడు మా ఆయన. నేనూ రాజీనామా మెయిల్ టైప్ చేశాను. ఏడుస్తూనే టైప్ చేశాను.

మామ చూశాడు.

"ఇంటికాడ ఉండి పని చేసుకునేది శానా సుఖం. నా పిల్లోళ్లు ఎట్ల పెరిగినారో నాకు తెలీదు. అందుకే చెప్తాండా, ఆ సుఖం ఒదులుకోవద్దు. అట్లని పనీ ఒదులుకోవద్దు. మీ పెద్దసారును అడిగినావా?"

"అడగలేదు మామా."

"అడగకుండానే ఏడుస్తాండావా?"

మెయిల్ డిలీట్ చేసి మేనేజర్‌కి ఫోన్ చేశాను. నెలకు ఒక వారం ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచి అని ఒప్పుకున్నాడు. ఆ సంగతి చెబితే మామ వెళ్లి జిలేబీ తెచ్చాడు.

నేను ఆఫీసుకు బయల్దేరిన ప్రతిసారీ బస్టాండుకు ఆయనే వచ్చేవాడు. బస్సు టైర్లు చూసేవాడు. డ్రైవర్‌తో మాట కలిపేవాడు.

"మా పాప ఎక్కతాండాదప్పా. జాగ్రత్తగా పోనీ."

ఈ సోమవారం కూడా అలాగే ఎక్కించాడు. కిటికీ దగ్గరికొచ్చి, "అక్కడ బాగా తిను" అన్నాడు.

ఒకటి మాత్రం ఈరోజు పదే పదే అనిపిస్తోంది. నేను రోజూ బెంగళూరు ఆఫీసుకే పోయుంటే, ఆయన నాకు ఎప్పుడో ఒకసారి కనిపించే మామగారు మాత్రమే. గట్టిగా నవ్వుతాడని, చక్కెర ఎక్కువ వేయించుకుంటాడని, పాత రోడ్ల గురించి చెప్పడం మొదలుపెడితే ఆపడని నాకు తెలిసేదే కాదు.

ఇన్నేళ్లు ఒకే ఇంట్లో, పగలంతా నీతో ఉన్నాను మామా. ఏడుపు వస్తోంది, కానీ నీతో గడపలేదన్న లోటు మాత్రం లేదు.

నిమ్మళంగా పోయిరా. నువ్వెక్కడున్నా నీ మనసు చల్లగా ఉండాల.