మా అత్త ఎంచుకున్న యాయేలు

మొన్న వేసవి బైబిలు బడి నుంచి మా చిన్నమ్మాయి ఒక కాగితం తెచ్చింది. "బైబిలులో నీకు ఇష్టమైన వ్యక్తి ఎవరు? వారి నుండి నేర్చుకోదగిన గుణమేమి?" అని పైన ప్రశ్న, కింద ఐదు గీతలు. "దావీదు రాయనా, దానియేలు రాయనా అమ్మా?" అని అది పెన్సిలు కొరుకుతూ కూర్చుంటే నాకు మా మేనత్త గుర్తొచ్చి, కారం నషాళానికి అంటినట్టయింది. ఆ ప్రశ్నకి మా అత్త ఒకప్పుడు చెప్పిన జవాబుకు ఏ టీచరూ మార్కులెయ్యదు.

పర్చూరు దగ్గర మా ఊళ్ళో మిరప కోతలయ్యాక ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక, స్త్రీల కూడిక ఉండేది. ఒక్కొక్కరూ లేచి ఈ ఏడు తాము ఎవరి అడుగుజాడల్లో నడుస్తారో చెప్పాలి. పాస్టరమ్మగారు నోటుబుక్కులో రాసుకుని, మళ్ళీ ఏడు లేపి నిలదీసేవారు. ముప్ఫైమంది ఆడవాళ్ళుంటే అందులో పద్దెనిమిది మంది రూతులే. అత్తగారితో రోజూ జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళు కూడా, అత్తను విడువని ఆ మంచి కోడల్నే ఎంచుకునేవారు. మిగిలినవాళ్ళు మరియమ్మలు, ఎస్తేరులు. మా అత్త ప్రతి ఏడూ, విధవరాళ్ళకు బట్టలు కుట్టిపెట్టిన దొర్కా పేరు చెప్పేది.

నేను పది పరీక్షలు రాసిన వేసవది, తొంభైల చివర. మా సంఘ పెద్దగారికి ఎనిమిదెకరాల మిరప. ఆయన కల్లంలో ఎండుకాయలు ఏరే కూలీల్లో అత్తా ఉంది, సెలవులు కదా అని నేనూ ఉన్నాను. పొద్దుగూకి ఇంటికెళ్ళేటప్పుడు కూరలోకి గుప్పెడు కాయలు కొంగున కట్టుకోవడం మా వైపు ఎప్పటినుంచో ఉన్నదే. ఆ పొద్దున పెద్దగారే "తీసుకెళ్ళండమ్మా" అన్నారు కూడా. సాయంత్రం గుంటూరు నుంచి సరుకు చూడ్డానికొచ్చిన వ్యాపారి అత్త కొంగుముడి చూసి, "మీ కల్లానికి కాపలా లేదేంటండీ?" అని నవ్వాడు. ఆ ఒక్క నవ్వుకే పెద్దగారి పరువు పోయింది. "నేనెవరికీ ఇవ్వలేదు. విప్పవమ్మాయ్" అన్నారు. పాతికమంది ముందు అత్త కొంగుముడి విప్పి కాయలు కిందపోసింది. నా ఓణీ చెంగునా గుప్పెడున్నాయి. నేను నోరు విప్పలేదు. ఎవ్వరూ విప్పలేదు.

మర్నాటి నుంచి అత్తను ఏ కల్లానికీ పిలవలేదు. దొంగ పేరు పడ్డ మనిషిని ఎవరు పిలుస్తారు? మామయ్య పోయి అప్పటికి నాలుగేళ్ళు, ఆ కూలి తప్ప ఆమెకు ఆధారం లేదు. నేను మాత్రం రోజూ మోకరించి, ఏలీయా దింపినట్టు ఆకాశం నుంచి అగ్ని దింపి ఆ కల్లాన్ని కాల్చెయ్యమని ప్రార్థించేదాన్ని. అంత శ్రద్ధగా నేను మళ్ళీ ఎప్పుడూ ప్రార్థించలేదు. దేవుడు పట్టించుకోలేదు.

ఆదివారం వచ్చింది. రూతులందరూ అయ్యాక అత్త లేచి, "యాయేలు" అంది. పాస్టరమ్మగారి కలం ఆగిపోయింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: యుద్ధంలో ఓడి తన గుడారంలోకొచ్చి దాక్కున్న శత్రు సేనాపతికి తాగడానికి పాలిచ్చి, దుప్పటి కప్పి, అతను నిద్రపోగానే గుడారపు మేకు తీసి సుత్తితో కణతలో దిగ్గొట్టిన ఇల్లాలావిడ.

"ఆవిడ దగ్గర నేర్చుకునే గుణం ఏముందమ్మా?" అన్నారు పాస్టరమ్మగారు నీరసంగా.

"పనిముట్టు చేతిలో ఉన్నప్పుడు వాడుకోడమండీ."

వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దగారికి పొలమారింది. ఆయన దగ్గు తగ్గేలోపే పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. కాయంతా కల్లంలోనే ఉంది, తడిస్తే రంగు చెడి తాలైపోతుంది. "లేవండమ్మా, పట్టలు కప్పాలి!" అని ఆయన కిటికీలోంచి అరిచారు. ఆడవాళ్ళందరం పరిగెత్తాం. అత్త వెనకాల తీరిగ్గా నడిచొచ్చింది.

టార్పాలిన్ పట్ట పరిచి, గాలికి లేవకుండా అంచుల్లో ఇనప మేకులు కొట్టాలి. ఆ కల్లంలో ఎప్పుడూ అది అత్త పనే. మేకూ సుత్తీ పట్టుకుని నిలబడింది.

"బాబాయ్ గారూ, ఆ రోజు పొద్దున మీరేమన్నారో వీళ్ళకి చెప్పండి."

"ఇప్పుడా అమ్మాయ్? గాలి చూడు!"

"చూస్తన్నానండి."

పట్ట అంచులు పట్టుకున్న ఆడవాళ్ళు వంగలేదు. అందులో నేనూ ఉన్నాను. ఈసారి పట్టు వదల్లేదు. మొదటి చినుకులు పట్ట మీద టపటపా పడ్డాయి.

"సరే, ఏదో పొరపాటైందిలే."

"పొరపాటు కాదండి."

"అబద్ధమే! నేనే తీసుకోమన్నాను, నేనే అబద్ధమాడాను. చాలా?"

"గట్టిగా అనండి. గాలికి వినపడ్డంలా."

ఆయన రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేటంత గట్టిగా అన్నారు. అప్పుడు అత్త సుత్తి ఎత్తింది. మా సంఘ పెద్దగారు రెండు చేతులతో రెండు కణతలూ మూసుకున్నారు. ఆ వానలో పాతికమందిమి నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అత్త మాత్రం నవ్వలేదు. వంగి, ఒకదాని తర్వాత ఒకటి మేకులన్నీ నేలలోకి దిగ్గొట్టింది. ఒక్క కాయ తడవలేదు.

మర్నాడే రెండు కల్లాల నుంచి అత్తకు కబురొచ్చింది. మరుసటేడు కూడికలో మళ్ళీ దొర్కా అంది. నేను కోప్పడితే, "నా పని అయిపోయిందిగా, ఇంకా ఆవిడెందుకే?" అంది. కాయ తడవాల్సింది, కుళ్ళాల్సింది అని నేనప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. పెద్దగారూ లేరు, అత్తా లేదు. కాలమే అన్నిటికీ మందంటారు. ఆ మందు అత్త ఒక్క ఏడాదిలో తాగేసింది, నేను ఇరవయ్యేళ్ళు దాటినా మూత కూడా తియ్యలేదు.