సీటు కోసం ముగ్గురం

ఈ ఉదయం ఇక్కడ ఐర్లండ్‌లో, ములింగార్ బస్టాపులో పక్కింటి పాప కనిపించింది. స్కూలు జాకెట్ పొట్టిదైపోయి మణికట్లు బయటికొచ్చాయి. స్నేహితురాలితో ఇక్కడి యాసలో గలగలా మాట్లాడుతూ, నన్ను చూసి చెయ్యూపింది. ఆ జాకెట్ చూస్తే దానికోసం మేం పడ్డ భయాలన్నీ నాకింకా గుర్తొస్తాయి.

కోవిడ్ మొదలైన ఏడాది నేను అక్కావాళ్ళింట్లో ఉండేదాన్ని. బావ ఇక్కడి ఆస్పత్రిలో డాక్టరు. ఆయన ఇంటి వెనక షెడ్డులో బట్టలు మార్చుకుని లోపలికొస్తుంటే నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ఇంట్లో ఎవరెవరు దగ్గారో రోజూ డైరీలో రాసుకునేదాన్ని. పక్కింటావిడది బొలీవియా. వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో పని. వాళ్ళ పాప స్పానిష్ తప్ప మరో భాష రాకుండా ఇక్కడికొచ్చింది. ప్రైమరీలో మిగతా పిల్లలు పాఠం చదువుతుంటే తనకి రంగులిచ్చి వెనక కూర్చోబెట్టేవారట. ఇక సెకండరీకి వెళ్ళాలి. క్లాసంతా దగ్గర్లోని స్కూలుకే పోతోంది. ఊరికి అవతల ఇంకో స్కూలుంది, అక్కడ కొత్తగా వచ్చిన పిల్లలకి విడిగా ఇంగ్లిష్ నేర్పే టీచరున్నారు. ఈ దేశంలో నచ్చిన స్కూలుకి అప్లై చేసుకోవచ్చని మేం చెబితే ఆవిడ నమ్మేది కాదు. ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే ఆవిడ వీసా కార్డు గడువైపోయింది, కొత్తదిచ్చే ఆఫీసు కోవిడ్‌తో మూతబడింది. అందరికీ గడువు పొడిగించామని ప్రభుత్వం చెప్పినా ఆవిడకి చేతిలో ఉన్న కార్డు మీది తేదీయే కనిపించేది. ఏదైనా అడిగితే ఎవరి కళ్ళలోనో పడతామని భయం.

అక్కకి మాత్రం అనుమానాల్లేవు. విజయవాడలో నా సీటు కోసం నాన్న చీకటితోనే వెళ్ళి స్కూలు గేటు ముందు నిలబడ్డాడు మరి. "ఆన్‌లైనంటార్లేవే, అన్నిచోట్లా అట్టాగే అంటారు. ముందెళ్ళినోళ్ళదే సీటు," అంది. అలా అప్లికేషన్లు మొదలయ్యే రోజు తెల్లవారుతుండగా పక్కింటావిడతో కలిసి ముగ్గురం బయల్దేరాం. అప్పటి లాక్‌డౌన్‌లో ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటకూడదు, రెండిళ్ళవాళ్ళు ఒకే కారెక్కకూడదు. రెండూ తప్పాం. మాస్కులు పెట్టుకుని, ఆ చలిలో అద్దాలన్నీ దించి కూర్చున్నాం. గేటుకి తాళం. మనిషన్నవాడు లేడు. అక్క ముఖం వెలిగిపోయింది. "చూశావా, మనమే ఫస్టు," అంటూ మమ్మల్ని ఎడంగా వరసలో నిలబెట్టింది.

కాసేపటికి గార్డుల కారొచ్చింది. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు. బడి ముందు ఏం చేస్తున్నారని అందులోంచి దిగినాయన అడిగాడు. ఊరందరితో మాట్లాడే అక్కకి నోరు పెగల్లేదు. పక్కింటావిడ హ్యాండ్‌బ్యాగు గుండెకి హత్తుకుని నేలచూపులు చూస్తోంది. ఇక నేనే చెప్పాలి. కొత్తవాళ్ళ ముందు పేరు చెప్పడానికే తడబడేదాన్ని, అలాంటిది పాపకి సీటు కోసం క్యూలో నిలబడ్డామన్నాను. ఆయన ముందూవెనకా ఎవరూ లేని మా క్యూని చూశాడు. ముందు అడిగినవాళ్ళకి ముందు సీటనేది ఇక్కడ లేదనీ, ఇంట్లో కూర్చుని పంపుకోవచ్చనీ చెప్పాడు. తర్వాత మా ఒక్క కారు వైపు చాలాసేపు చూశాడు. "ఇంటికెళ్ళండి. యూ ఆర్ గ్రాండ్," అని వెళ్ళిపోయాడు. ఏం ఫర్వాలేదని చెప్పడానికి ఇక్కడివాళ్ళు అలా అంటారు.

తిరుగుదారిలో వెనక సీట్లోంచి ఆవిడ వచ్చీరాని ఇంగ్లిష్‌లో అంది: "వద్దు. దగ్గరి స్కూలే చాలు. పాప బొమ్మలు బాగానే వేస్తుంది."

అక్క నా వైపు చూసింది. నేను వెనక్కి తిరిగి, "ఆయన మీ కార్డు అడగలేదు. స్కూలూ అడగదు," అన్నాను. అడగదని నాకు మాత్రం ఎక్కడ తెలుసు? ఆ వారమంతా ఆవిడ రెండిళ్ళ మధ్య గోడ దగ్గరికి రాలేదు. ఇక అయిపోయిందనుకున్నాక ఓ సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి గోడ మీద పెట్టింది. ఇటునుంచి నేను చెబుతుంటే అటునుంచి ఆవిడే ఊరవతలి స్కూలు అప్లికేషనంతా నింపింది. పంపే బటన్ మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకుని, నొక్కింది. తర్వాత చాలా రోజులు వీధిలో కారాగితే చాలు, రెండిళ్ళ కర్టెన్లూ కదిలేవి.

సీటొచ్చింది. కార్డు గురించి ఎవరూ అడగలేదు. ఆ ఏడాది ఏది ప్రమాదమో, ఏది వట్టి భయమో మాకు తెలిసేది కాదు. అది తెలుసుకోడానికి మాకు పట్టిన కాలంలోనే ఆ పిల్ల పెద్దదైపోయింది.