చిటికి కట్టిన వెన్నెల

అక్క పెళ్లయి విశాఖపట్నం వెళ్లిన మొదటి వారంలో ఒక వీడియో పంపింది. వెన్నెల్లో సముద్రం. ఫోన్‌లో తీసింది కాబట్టి అంతా నలుపే, నడుమ వణికే తెల్లటి చార ఒకటి. వెనక గాలి హోరు, ఆ హోరులో అక్క నవ్వు. ఆ నవ్వు కోసమే దాన్ని మళ్లీ మళ్లీ పెట్టుకునేదాన్ని.

మాది పోచంపల్లి. ఇంట్లోనే మగ్గం. సముద్రం నేను చూడలేదు. బయటివాళ్ల ముందు నాకు నోరు పెగలదు, చదివిన కథలన్నీ రాత్రిళ్లు అక్కకే చెప్పేదాన్ని. తను వెళ్లాక చెప్పడానికి మనిషి లేదు. హైదరాబాద్ వెళ్లినప్పుడు నూనె రంగుల డబ్బా, ఒక కాన్వాసు కొనుక్కొచ్చి, ఆ సముద్రాన్నే వేయడం మొదలుపెట్టాను.

మా ఇంట్లో రంగు వేయడమంటే ముందు తెలుపును కాపాడుకోవడం. మా బాపు నూలును చట్రానికి బిగించి, తెల్లగా ఉండాల్సిన చోటల్లా సైకిల్ ట్యూబు రబ్బరుతో గట్టిగా చుడతాడు. దాన్నే చిటికి కట్టడం అంటాం. తర్వాత రంగులో ముంచితే, కట్టిన చోటికి రంగు ఎక్కదు. నేనూ అట్లాగే చేశాను. వెన్నెల పడే చోటంతా పెన్సిలుతో గీసుకుని, ఆ గీత లోపలికి కుంచె పోకుండా చుట్టూ నీలం, నలుపు నింపాను. ఒక్క చుక్కైనా లోపల పడలేదని మురిసిపోయి, మధ్యాహ్నం వీడియో కాల్‌లో అక్కకు చూపించాను.

"ఏందే గది, నీళ్ల మీద తువ్వాలలు ఆరేసినవా?"

"వెన్నెల."

"గట్ల కోసినట్టు ఉండదే. నీళ్లు కదుల్తయి గద. తెలుపు మీదికెళ్లి పడ్తది, జారుతది."

నూనె రంగుల్లో తెలుపును చివర్లో పైన వేస్తారని నాకు తోచనేలేదు. ఫోన్ గోడకు ఆనించి, తెల్లరంగు తీసి ఆ ఖాళీల మీదా అంచుల మీదా నడిపించాను. కింది నీలం ఇంకా ఆరలేదు. తెలుపు దాన్ని లాక్కుని మసకబారింది. పాడైందనుకున్నాను. కొంచెం వెనక్కి జరిగి చూస్తే నీళ్లు కదులుతున్నట్టే ఉంది.

"ఇప్పుడు జర నయం," అంది అక్క.

వెలుగు పక్కన నీళ్లది ఏ రంగో మాత్రం నాకు తెలియలేదు. "ఇయ్యాల పున్నమే గదక్కా. పోయి చూసి చెప్పరాదు?"



"నేను మల్ల పోనేలేదే. అప్పుడొక్కసారే. మీ బావకు ఎప్పుడు డ్యూటీలే. ఒక్కదాన్ని ఎట్ల పోను?"

"మరి నాకు చెప్పలేదేంది?"

"ఫోన్ ఎత్తంగనే సముద్రం సముద్రం అంటుంటివి. ఏం చెప్పాలె నీకు?" మళ్లీ తనే, "నువ్వొస్తే పోదాం," అంది.

ఇన్నాళ్లూ అక్క ఆ ఒడ్డునే నిలబడి నవ్వుతున్నట్టు ఊహించుకుంటూ వచ్చాను. నా దగ్గర లేకపోయినా సముద్రం దగ్గర ఉందిలే అనుకున్నాను. తను నాలాగే ఒక గదిలో కూర్చుని ఉంది.

చేతులు తుడుచుకుని బాపు దగ్గరికి వెళ్లాను. ఆయన చిటికి కడుతున్నాడు.

"బాపూ, నేను అక్క దగ్గరికి పోతా."

"బతుకమ్మకు అదే వస్తది గద బిడ్డా."

"అప్పటిదాంక ఆగ."

రబ్బరు చుట్టే చేయి ఆగింది. నేను ఎదురు చెప్పడం ఆయన ఎప్పుడూ వినలేదు.

"ఒక్కదానివే పోతవా? రైల్ల ఎవరన్న పేరడిగితేనే తల దించుకుంటవు."

"దించుకునే పోతా."

బాపు నవ్వాడో లేదో తెలియదు, తల ఎత్తలేదు. మళ్లీ రబ్బరు చుడుతూ, "టికెట్ దొరుకుతదో లేదో చూడు మరి," అన్నాడు.

దొరికిన ఒకే ఒక్క టికెట్ అమావాస్య ముందురోజుది. తీసుకున్నాను.