ఆదెన్న తీసేసిన బిళ్ళ

కళ్యాణదుర్గంలో ఆంప్లిఫయర్ గురించి తెలిసినవాడు ఒక్కడే అని ఆదెన్న నమ్మకం. ఆ ఒక్కడు ఎవరని అడిగితే చెప్పేవాడు కాదు. అడిగినవాడిని చూసి ముక్కు చిట్లించేవాడు.

బస్టాండు వెనక, విత్తనాల అంగడికీ పంచర్ల అంగడికీ నడుమ అతని గది. ఒక బల్ల, ఒక మీటరు, గోడకు ఆనించిన పాత కారు ఆంప్లిఫయర్లు. బెంగళూరులో పాత కార్లు విరిచే చోట వాటిని తూకానికి అమ్మేవాళ్ళు. ఎప్పుడో జపాన్‌లో తయారైనవి. అల్యూమినియం ఒళ్ళు, వేడి పోవడానికి వీపంతా చాళ్ళు.

1997లో మొదటిది తెచ్చుకున్నప్పుడు అతనికి రేడియోలు తప్ప ఏమీ తెలియదు. దాన్ని విప్పి, రాగి బాటలను ఒక్కొక్కటే వేలితో తడుముతూ, ఎరువుల కంపెనీ క్యాలెండరు వెనక బొమ్మ గీశాడు. ఎనిమిది నెలలు పట్టింది. బ్యాటరీ ఇచ్చే పన్నెండు వోల్టులు పెద్ద శబ్దానికి చాలవని, లోపల ఒక రాగి చుట్ట వాటిని రెండింతలకు పైగా పెంచుతుందని తెలుసుకున్నాడు. పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లు కొంచెం కరెంటు తాగుతుండాలని, అది తగ్గితే గొంతు గరగరమంటుందని, ఎక్కువైతే ఒళ్ళు కాలుతుందని తెలుసుకున్నాడు. ఇవేవీ అతనికి ఎవరూ చెప్పలేదు. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నవాడికి, తనకు తెలియనిది లేదనిపించడానికి ఎక్కువ కాలం పట్టదు.

జీపులవాళ్ళు వచ్చేవాళ్ళు. పెట్టెను అటూ ఇటూ తిప్పి అడిగేవాళ్ళు.

"ఎన్ని వాట్లప్పా ఇది?"

"నీ చెవులకు అయిదు చాలు. తక్కినవి నీ జీపుకు."

నవ్వి పెట్టించుకునేవాళ్ళు. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, జీపు కుదుపులకు తట్టుకునేలా రాగి చుట్టను లక్కతో బిగించి, ఆదెన్న అమర్చిన పెట్టె పాడితే పక్క ఊరికి వినిపించేది. అది నిజం. దాన్ని కాదనడానికి లేదు.

1998 ఎండాకాలంలో సుంకన్న వచ్చాడు. రాయదుర్గానికి మనుషుల్ని తోలే జీపు అతనిది. ఆదెన్న పెట్టె పెట్టిన మొదటి జీపు కూడా అదే.

"ఏమప్పా ఆదెన్నా, పది నిమిషాలు పాడి మూగబోతాండాది. నీడలో పెడితే మళ్ళా పాడతాది. దీనికి కూడా వడదెబ్బ తగుల్తాదా?"

ఆదెన్న విప్పాడు. అల్యూమినియానికి మరలతో బిగించిన ఒక చిన్న బిళ్ళ కనిపించింది. బొట్టుబిళ్ళ అంత. రెండు కాళ్ళు. మీటరు పెట్టాడు. రెండు కాళ్ళ మధ్యా ఏ అడ్డూ లేదు. ఒట్టి తీగ ముక్క చేసే పని.

"తీగ ముక్కకు ఇంత సోకెందుకు? ఎండకు చెడిపోయే సరుకు ఇది. మంచులో కూచుని చేసినాడు ఆ జపానోడు. మన ఎండ వానికేం తెలుసు?"

బిళ్ళ తీసేసి, దాని కాళ్ళు ఉన్నచోట నిజంగానే ఒక తీగ ముక్క అతికించాడు. ఆ వేసవి అంతా సుంకన్న జీపు ఆగకుండా పాడింది. అప్పటి నుంచి ఏ పెట్టె తెచ్చినా ఆదెన్న మొదట చేసే పని బిళ్ళ పీకడం. పీకినవన్నీ ఒక డబ్బాలో వేసేవాడు. వచ్చినవాళ్ళ ముందు డబ్బా గలగలలాడించి, "జపానోని తెలివి" అనేవాడు. అయిదేళ్ళలో డబ్బా నిండింది.

2003 మే నెలలో పుల్లన్న సుమోకు నిప్పంటుకుంది. పుల్లన్నకు వందెకరాల చేను, మండలంలో మాట. పెళ్ళివారిని తీసుకుని రెండు గంటల దారి పోతుంటే వెనక సీటు కింద, ఆదెన్న అమర్చిన పెట్టె నుంచి పొగ లేచింది. సీటులోని కొబ్బరిపీచు అంటుకుంది. ఆ సీటు మీద నిద్రపోతున్న పుల్లన్న మనవరాలిని ఎవరో కిటికీలోంచి లాగారు. పాపకు జడ కొస కాలింది. అంతే.

కాలిన పెట్టెను పుల్లన్నే తెచ్చి ఆదెన్న బల్ల మీద వేయించాడు.

"డ్రైవరు నా కొడుకు నిమ్మకాయలు కట్టలేదు రా. దిష్టి. దీన్ని పారేసి ఇంతకంటే పెద్దది పెట్టు."

ఆదెన్న మనసులో నవ్వుకున్నాడు. వందెకరాలవాడి బుర్రలో నిమ్మకాయ పట్టేంత చోటే ఉందనుకున్నాడు. ఆయన వెళ్ళాక పెట్టె విప్పాడు.

ట్రాన్సిస్టర్లు పగిలిపోయి ఉన్నాయి. బోర్డు బొగ్గు. వాటి పక్కనే, అల్యూమినియంలో, బిళ్ళ పీకిన రెండు మర రంధ్రాలు. ఆదెన్న వాటిని వేలితో తడిమాడు. పెట్టె మొత్తంలో అన్నిటికంటే వేడెక్కే చోటు అది. ఒట్టి తీగ ముక్క పని చేసేదాన్ని తెచ్చి అక్కడే ఎందుకు బిగించారు? అయిదేళ్ళలో ఆ ప్రశ్న అతను ఒక్కసారీ వేసుకోలేదు.

డబ్బాలోంచి ఒక బిళ్ళా, మీటరూ తీసుకుని ఇంటికి పోయాడు. భార్య ఆంజినమ్మ రొట్టెలు కాలుస్తోంది. బిళ్ళ కాళ్ళకు మీటరు తీగలు తగిలించి, ఆమె రొట్టె తీసిన పెనం మీద పెట్టాడు.

"ఏంది అది?"

"బిళ్ళ."

"తినేదైతే ఉప్పూ కారం తెస్తా. కాకుంటే తియ్యి."

మీటరు ముల్లు నిలకడగా ఉంది. తర్వాత టక్కుమని చిన్న చప్పుడు. ముల్లు పడిపోయింది. బిళ్ళను పట్టకారుతో తీసి నేల మీద పెట్టాడు. చల్లారింది. టక్కుమంది. ముల్లు లేచింది. నాలుగు సార్లు చేశాడు. అది చెడిపోయిన సరుకు కాదు. వేడి హద్దు దాటితే ఆపడం, చల్లారితే వదలడం, అదే దాని పని.

"నాలుగు రొట్టెల పొద్దు పాయె," అంది ఆంజినమ్మ.

లెక్కపెట్టుకున్నాడు. పుల్లన్న సుమో కాక ఇంకా ముప్పై ఒక్క బండి. అన్నిటిలోనూ అతని తీగ ముక్క. అన్నిటిలోనూ సీట్ల మీద మనుషులు.

మొదటి ఇద్దరికీ నిజం చెప్పాడు. "నేను తప్పు చేసినాను. బాగు చేస్తా." ఇద్దరూ బండి తలుపు తియ్యలేదు. అయిదేళ్ళు పాడినదానిలో తప్పేమిటన్నారు. పని లేక వచ్చినావా అన్నారు. మూడోవాడికి అబద్ధం చెప్పాడు. "జపాన్ నుంచి కొత్త బిళ్ళ వచ్చింది. పెడితే శబ్దం పెరుగుతాది." వాడు పెట్టెను తానే పీకి చేతికిచ్చాడు. మొదటి ఇద్దరూ ఆ మాట విని పరుగెత్తుకొచ్చారు. పన్నెండు రోజుల్లో ముప్పై బండ్లు అయిపోయాయి. వాళ్ళంటే ఆదెన్నకు అసహ్యం పుట్టింది. తనంటే అంతకంటే ఎక్కువ.

మిగిలింది సుంకన్న. అతని దగ్గర అబద్ధం చెల్లలేదు.

"నువ్వు అది పీకేటప్పుడు నేను ఆడనే కూచున్నా కదప్పా. అది పెడితే పాట ఆగుతాది. పాట ఆగితే నా జీపు ఎవడెక్కుతాడు? ముందు జీపోడు డోలు మాదిరి మోగించుకుంటా పోతాంటాడు."

"పుల్లన్న సుమో చూసినావు కదా."

"దానికి దిష్టి."

"దిష్టి కాదు సుంకన్నా. నేను."

"నీకంత బలముండాదా?" అన్నాడు సుంకన్న. చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆదెన్న అందరిలాగే చార్జీ ఇచ్చి ఆ జీపు ఎక్కాడు. తను కాక పద్దెనిమిది మంది ప్రయాణికులు. వెనక బెంచీ చివర, పెట్టె ఉన్నచోట, ఒదిగి కూర్చున్నాడు. ఊరు దాటాక వంగి, ఒక ముసలమ్మ కాళ్ళ మధ్య చెయ్యి పెట్టాడు. పెట్టె విప్పే వీలు లేదు. బిళ్ళను చాళ్ళ మధ్య ఇరికించి బిగించాడు. పెట్టెను మేల్కొలిపే సన్న తీగ ఒకటి పాటల డెక్కు నుంచి వస్తుంది. దాన్ని కత్తిరించి, రెండు కొసలనూ బిళ్ళ కాళ్ళకు మెలిపెట్టాడు. రెండు నిమిషాలు పాట ఆగింది. మళ్ళీ వచ్చింది. గతుకుకు తీగ కదిలిందనుకున్నారు.

"నా కాళ్ళ కాడ ఏం పని రా నీకు, కోడి గుడ్డు పెట్టిందా?" అంది ముసలమ్మ.

ఇంకో ఇరవై నిమిషాలకు టక్కుమంది. ఆ చప్పుడు అతనికొక్కడికే వినిపించింది. పాట పోయింది.

"పాటెయ్యన్నా!"

"ముందు జీపు ఎక్కుంటే సరిపోతుండె."

సుంకన్న అద్దంలోంచి ఆదెన్నను చూశాడు. జీపు ఆపి, వెనక్కి వచ్చి, చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"పీకెయ్యి దాన్ని."

"ముందు పెట్టె మీద చెయ్యి పెట్టు. తర్వాత నువ్వే పీకు."

సుంకన్న చెయ్యి పెట్టాడు. వెంటనే తీసేసి లుంగీకి తుడుచుకున్నాడు. పెట్టె పక్కనే డీజిల్ క్యాను ఉంది. దాన్ని చూశాడు. దాని మీద కాళ్ళు పెట్టుకున్న ముసలమ్మను చూశాడు.

"ఎన్నేండ్ల నుంచి ఇట్ల తోల్తాండా నేను?"

"అయిదు."

సుంకన్న ఒక బూతు తిట్టాడు. బిళ్ళ జోలికి పోలేదు. డీజిల్ క్యాను తీసి ముందు తన కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

"నువ్వు మాత్రం నా జీపు ఎక్కాకు. నడువు."

రెండు వైపులా విత్తనం పడని చేలు. ఊరు ఎనిమిది మైళ్ళు వెనక. జీపు కదిలింది. లోపల ఎవరో ఆదెన్న మీద ఏదో అన్నారు. పద్దెనిమిది మందీ నవ్వారు. పాట లేదు కాబట్టి ఆ నవ్వు చాలా దూరం వినిపించింది.