ఎయిర్ బ్లాస్ట్ నాడు అమ్మ చీర కట్టుకుంది

మా చిన్నప్పుడు... కోలారు బంగారు గనుల్లో, అదే మా కేజీఎఫ్‌లో, నేల అదిరితే ముందుగా తెలిసేది వంటింటి గిన్నెలకే. వేసవి సెలవుల్లో ఒకరోజు, పొద్దున పదిన్నరకు, గూట్లోని చెంబులన్నీ దబదబా కిందపడ్డాయి. చిన్న చిన్న అదుర్లు మాకు మామూలే. ఆరోజు మాత్రం గోడ మీది దేవుడి పటం కూడా ఊడి పడింది.

ఎయిర్ బ్లాస్ట్... అంటే గని లోపల ఎక్కడో రాయి పగిలి కూలిందని అర్థం. నాయన ఫస్ట్ షిఫ్టుకు పోయి ఉన్నాడు!

ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. గని కార్మికుల లైన్ ఇండ్లలోని ఆడవాళ్ళందరూ ఉన్నపళంగా, గనిలోకి దిగే షాఫ్టు వైపు పరుగు. పక్కింటి సెల్వి అక్క పిండి చేతులతో, నైటీ మీద టవలు కూడా లేకుండా, "ఏమ్మా, అట్లే నిలబడుకోనుండావు? రా!" అని అరుస్తూ పోయింది.

మా అమ్మ మాత్రం వెనక్కి తిరిగి లోపలి గదిలోకి పోయింది.

అమ్మ నైటీ సంగతి చెప్పాలి మీకు. రాబర్ట్‌సన్‌పేట బజారులో కొన్న ఊదారంగుది. మొదటిసారి వేసుకున్నరోజు "అబ్బ, ప్రాణం లేచొచ్చినట్లుండాది" అంది. పొద్దున నాయనకు క్యారియర్ కట్టి పంపగానే చీర విప్పి దండెం మీద వేసి, నైటీ తగిలించుకునేది. ఇక పని చేసినంతసేపూ పాటలే పాటలు... కానీ దానితో గడప మాత్రం దాటేది కాదు. కొళాయికీ, కూరగాయల బండికీ నన్నే తోలేది. నాకు ఒళ్ళు మండేది. లైనంతా నైటీలతో తిరుగుతుంటే ఈమెకొక్కదానికే ఏమొచ్చిందో అనుకునేదాన్ని.

తలుపు సందులోంచి చూశాను. అమ్మ చీర కుచ్చిళ్ళు పెడుతోంది! కుచ్చిళ్ళు జారిపోయాయి... మళ్ళీ మొదటి నుంచి. పైటకు పిన్నీసు పెడుతుంటే వేలికి దిగింది. రక్తం లంగాకు తుడుచుకుని, ఇంకో పిన్నీసు తీసింది. నాకు పిచ్చెక్కిపోయింది.

"నాయన లోపలుండాడు! నీకు నాయన కంటే చీరే ఎక్కువైపోయిందా? యాడికి పోతా ఉండావు, పెండ్లికా?"

అమ్మ తలుపు దగ్గరికి వేసి, నా రెక్క పట్టుకుని పరుగు తీసింది. దారి పొడుగునా నేను ఏడుస్తూ తిడుతూనే ఉన్నాను. పదకొండేళ్ళ పిల్లను... ఎన్నెన్ని మాటలన్నానో.

షాఫ్టు గేటు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. గనిలోంచి మనుషులను తెచ్చే కేజ్ పైకి వచ్చిన ప్రతిసారీ అందరూ మునివేళ్ళ మీద లేచి చూడడమే. మూడో దఫాకు సెల్వి అక్క భర్త వచ్చాడు. నాలుగో దఫాకూ నాయన రాలేదు.

అప్పుడు అమ్మ, నా వైపు చూడకుండానే మెల్లగా చెప్పింది.

"మీ తాతను ఈ గేటు కాడే తెచ్చి పడుకోబెట్టినారు. మా అమ్మ గుడ్డలుతుకుతా ఉన్నదల్లా అట్లే పరిగెత్తుకోని వచ్చింది. పైట నిలవలేదు. ఒక చేత్తో పైట పట్టుకోని, ఇంగో చేత్తో తాతను పట్టుకునింది. నేను పక్కనే ఉండి చూసినాను... ఏమన్నా కానీ, నాకు రెండు చేతులూ కావల్ల పాపా."

నేను ఆమె కొంగు అంచు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

అయిదో దఫాకు నాయన వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము, నుదుటికి గుడ్డ కట్టు. అమ్మ జనాన్ని తోసుకుంటూ పోయి, అందరి ముందే రెండు చేతులా వాటేసుకుంది!

"ఏమ్మే, ఏమీ కాలేదు... అందరూ చూస్తా ఉండారు" అని నాయన సిగ్గుపడిపోయాడు. అమ్మ విడవలేదు.

నాలుగు రోజులకు నాయన మళ్ళీ షిఫ్టుకు పోయాడు. అమ్మ చీర విప్పలేదు. పొయ్యి దగ్గర, రుబ్బురోలు దగ్గర, ఆ మండుటెండల్లో... పిన్నీసుతో సహా చీరే.

"నైటీ వేసుకోమ్మా" అన్నాను.

"వద్దులే పాపా. ఆ పొద్దు కట్టుకునేదానికే ఆలస్యమైపోయింది. నువ్వన్నది నిజమే" అంది.

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది... అదే ఇప్పటికీ నాకు మింగుడుపడదు. గనులు మూతపడే దాకా, నాయన లోపల ఉన్న ఏ ఒక్క షిఫ్టులోనూ ఆమె నైటీ ముట్టలేదు. ఆ కాస్త హాయిని నా నోటి దురుసుతో నేనే లాగేసుకున్నాను.

ఇప్పుడు నేను ఇద్దరు పిల్లల తల్లిని, మాలూరులో ఉంటాను. పొద్దస్తమానం నైటీనే. దానితోనే గేటు దాకా పోయి పిల్లలను స్కూలు బస్సు ఎక్కిస్తాను. ఎవరూ ఏమీ అనరు. అమ్మా నాయనా నా దగ్గరే ఉంటారు. మొన్న అమ్మకు మెత్తటి కాటన్ నైటీలు రెండు తెచ్చి, "నాయన ఇంగ యాడికీ పోడు కదమ్మా, వేసుకో" అని బతిమాలాను.

"అలవాటు తప్పిపోయిందిలే పాపా" అని నవ్వి, వాటిని మడిచి బీరువాలో పెట్టింది.

మీ అమ్మ ఇంట్లో ఏం కట్టుకునేది... ఎందుకు కట్టుకునేదో ఎప్పుడైనా అడిగారా? నేను అడగలేదు, తిట్టాను. అడిగినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, వింటాను.