పెరటి కింద పైపు, నోట రాని ఆమేన్

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. ఆరు నెలల పాటు నా సొంత వంటింట్లో గ్యాస్ పొయ్యి నేను ముట్టుకోలేదంటే మీరు నమ్ముతారా? నమ్మండి! మా ఆయన వెలిగిస్తే గాని ఇంట్లో కాఫీ లేదు, ఆయన వెలిగిస్తున్నంతసేపూ నేను చెప్పులేసుకొని వీధి గుమ్మం బయట నిలబడేదాన్ని.

మల్కాజ్‌గిరిలో పద్నాలుగేళ్లు అద్దె ఇళ్లలో ఉన్నాం. నేను కార్ఖానా ఏరియాలో ఒక బడిలో లెక్కలు చెబుతాను, మా ఆయనది చిన్న ఆఫీసు ఉద్యోగం. సొంత ఇంటి కోసం నేను చేయని ఉపవాసం లేదు. చివరికి బొల్లారం దాటాక ఒక కాలనీ చివర రెండు గదుల ఇల్లు దొరికింది, వెనక బోలెడంత పెరడు, ధర మాకు అందేదే. అంత పెరటితో అంత తక్కువకు ఎందుకిస్తున్నారని లెక్కలు చెప్పే నేను ఒక్కసారైనా అడగలేదు, దేవుడిస్తుంటే ప్రశ్నలేమిటనుకున్నాను! కొనేముందు నాలుగు మూలలా నిలబడి ప్రార్థన చేసి హద్దురాళ్లకు నూనె రాశాం. పెరటి మూల ఉన్న రాయి మాత్రం మిగతా వాటికంటే పొడుగ్గా ఉంది, దానికి తెల్లగా సున్నం వేసి ఉంది. అదేమిటని అడిగితే ఇల్లు అమ్మే ఆయన, "గది సుత హద్దురాయే మేడం, జెర పెద్దది పెట్టిన్రు, పరేషాన్ కాకుండ్రి" అన్నాడు. సంతోషం పట్టలేక నేను ఆ రాయికి మిగతా మూడింటికంటే ఎక్కువ నూనె పోశాను.

ఇంట్లో చేరాక మొదటి పెద్ద వానకే సున్నం కారిపోయింది. ఆరేసిన బట్టలు తీయడానికి పెరట్లోకి పరుగెత్తిన నాకు రాయి మీద ఎర్ర అక్షరాలు కనబడ్డాయి. ప్రమాదం, భూమి లోపల ఇంధన పైపులైను, ఇక్కడ తవ్వరాదు. కింద ఒక ఫోన్ నంబరు. అయ్యో తండ్రీ, నేను నూనె పోసి స్తోత్రం చెప్పింది పెట్రోలు గొట్టానికా!

ఆ రోజు నుంచి నాకు అన్నంలో పెట్రోలు వాసన, దిండులో పెట్రోలు వాసన, చివరికి ప్రార్థనలో కళ్లు మూసుకున్నా అదే వాసన! బడిలో పాఠం మధ్యలో ఫోన్ మోగితే ఇల్లు పోయిందన్న కబురేననుకునేదాన్ని. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. రాయి మీది నంబరుకు చేద్దామంటే పైపు కంపెనీవాళ్లొచ్చి ఇల్లు కూల్చమంటారేమోనని భయం. ఉంటే భయం, చెబితే భయం.

సహోదరులారా, ఇక్కడ నా పాపం దాచకుండా చెబుతాను. ఇల్లు అమ్మేద్దామనుకున్నాను. క్రిస్మస్‌కు గోడలకు వేయగా మిగిలిన సున్నం తీసుకెళ్లి, నా చేత్తోనే ఆ రాయికి రెండు పూతలు పూశాను. మా ఆయన చూసి, "తప్పే ఇది" అన్నాడు. "మనకు చేసినప్పుడు తప్పు కాలేదా?" అని ఆయన నోరు మూయించాను.

జనవరిలో వేరే సంఘానికి చెందిన ఒక జంట ఇల్లు చూడటానికి వచ్చారు, చంకలో చిన్న పాప. ఆ అమ్మాయికి పెరడు ఎంత నచ్చిందో! "అక్కా, గా తెల్ల రాయి పక్కన్నే నీళ్ల సంపు తవ్విస్తం" అంది. నేను నవ్వి ఊరుకున్నాను, చూడండి నా గుండె ఎంత రాయైపోయిందో. మాట ఖాయం చేసుకునే ముందు ప్రార్థన చేద్దామన్నాడు ఆ తమ్ముడు. అందరం తలలు వంచాం. ఆయన ప్రార్థన నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: "ప్రభువా, ఈ ఇంట్ల మాకు తెల్వని కీడు ఏమన్న ఉంటే ఇయ్యాల్నే బయటపెట్టు తండ్రీ. ఈ అక్కను, అన్నను దీవించు, మమ్మల్ని తోడబుట్టినోళ్ల లెక్క చూసిన్రు."

అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేకపోయాను! నాలుక అంగిలికి అంటుకుపోయింది. మన ఇళ్లలో ఒక్కరు ఆమేన్ అనకపోతే ఎంత తెలిసిపోతుందో మీకు తెలుసు కదా, అందరూ కళ్లు తెరిచి నన్నే చూస్తున్నారు. ఏడుస్తూ వాళ్లను పెరట్లోకి తీసుకెళ్లి, చీర చెంగు తడిపి ఆ సున్నం తుడిచాను. అక్షరాలు చదివిన ఆ అమ్మాయి పాపను గట్టిగా గుండెలకు హత్తుకుంది. వెళ్లిపోతూ గేటు దగ్గర, "ఇప్పుడన్న చెప్పిన్రు, గంతే చాలక్కా" అంది. ఆమె కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ సాయంత్రం మోకరించి, "తండ్రీ, ఇల్లు ఉంచుతావో తీసేస్తావో నీ చిత్తం, నన్ను మాత్రం ఈ అబద్ధంలోంచి బయటికి లాగు" అని వేడుకున్నాను. మర్నాడు రాయి మీది నంబరుకు నేనే ఫోన్ చేశాను. పైపు వెంట నడిచి కాపలా చూసే పెద్దమనిషి వచ్చి, టేపుతో కొలిచి, "ఇల్లు దూరంగనే ఉందమ్మా, దానికేం కాదు. పెరట్ల మాత్రం తవ్వొద్దు, కట్టొద్దు, చెట్టు పెట్టొద్దు" అన్నాడు. రాయి మీద మిగిలిన తెల్లటి మరకలు చూసి ఆయన ముఖం మారింది. "దీనికి సున్నం కొడ్తరా ఎవరన్న? తెల్వనోడు గడ్డపార ఏస్తే ఏమైతది?" ఆరు నెలలు నా ప్రాణం కోసం వణికిన నేను, ఒక పసిబిడ్డ ఇంటివాళ్ల చేత అక్కడే తవ్వించబోయాను! నా నోరు కట్టేసి వాళ్లను కాపాడిన దేవునికే సమస్త మహిమ!

భయం పూర్తిగా పోయిందా అంటే, అబద్ధం చెప్పను, ఇంకా అప్పుడప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు ప్రభువు పేరు పిలుస్తాను, పిలవడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. మీలో ఎవరైనా ఏదైనా కప్పిపెట్టి ఆమేన్ అనలేక కూర్చున్నారా? చెప్పేయండి, ఆయనను నమ్మండి, ఆయన చేయి వదలడు. వచ్చే శుక్రవారం గృహ ప్రార్థన కూడిక మా ఇంట్లోనే. వెనక పైపు ఉందని అందరికీ ముందే చెబుతున్నాను. అయినా రండి.